పద్నాలుగో నంబరు చోటు

వంటగది బల్ల మీద మ్యాపు పరిచి
నాలుగు మూలలా బరువులు పెట్టాం:
ఉప్పు డబ్బా, అతని కళ్ళద్దాల పెట్టె,
పీచ్ పళ్ళ గిన్నె,
బ్యాటరీ అయిపోయిన టార్చిలైటు.
మధ్యలో కొండలు
మడతల దగ్గర చిరిగి ఉన్నాయి.

మాది దక్షిణ జార్జియా, బల్లపరుపు నేల.
వేరుశనగ చేలు, పైన్ చెట్లు, గీత గీసినట్టు రోడ్లు.
ఇక్కడ ఎత్తైనదంటే ఊరి నీళ్ళ ట్యాంకే.
ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను,
ఒక్క పిల్లవాడి మోచెయ్యి కూడా గీరుకోలేదు,
అయినా ఒక్కసారీ కొండ దిగలేదు.
దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఉంచేయకూడదట,
చిన్న గేరులో వేసి బండి బరువు ఇంజనుకే వదిలేయాలట.
రాత్రి పక్క మీద పడుకుని నా కుడికాలికి అదే నేర్పుతున్నాను:
ఓపిక పట్టు, తొక్కకు.

హాలిస్ పెరట్లో టేపు పట్టుకుని తిరుగుతున్నాడు.
ఆర్వీ పొడవు ఇరవై ఏడు అడుగుల నాలుగంగుళాలు.
పార్కులో చాలా చోట్లు ఇరవై ఐదుకే సరి.
వెనక నిచ్చెన కలిపి కొలిచాడు, నిచ్చెన వదిలి కొలిచాడు,
ముందు బంపరు లేదనుకుని కొలిచాడు.
"కొలిచిన కొద్దీ కుంచించుకుపోవడానికి
అదేమన్నా ఉన్ని స్వెట్టరా?" అని గుమ్మంలోంచి అరిచాను.
నవ్వాడు.
వినపడనప్పుడు అలాగే నవ్వుతాడు.
ఊళ్ళోవాళ్ళు మర్యాద అనుకుంటారు.

బండి మాకు ముందు ఓ పాస్టరుగారిది.
అల్మరా తలుపు లోపల పెన్సిలుతో ఆయన భార్య రాత:
ఎడమ పొయ్యి నిదానం.
పై కిటికీ మూశావా, ఎల్డన్?
ఎల్డన్ మూశాడో లేదో మాకు తెలీదు,
మంచం పైన మాత్రం
కుండెడు నీళ్ళ మరక ఉంది.

రంపపు మిల్లులో ఇరవై రెండేళ్ళు చేశాడు హాలిస్.
మిల్లు మూతపడింది, యంత్రాలు తూకానికి అమ్ముడుపోయాయి,
అతని చెవిలో రంపం ఆగలేదు.
పగలు చీమంత,
దీపం ఆర్పగానే ఇల్లంత.
డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది,
దానితో కాపురం చేయడం నేర్చుకోవాలని.
"అలవాటున్న పనే" అన్నాడు కారెక్కుతూ,
నా వైపు చూడకుండా.

కరెంటు బిల్లు వెనక జాబితా రాస్తున్నాను.
చక్రాల కింద పెట్టే చెక్కలు.
మురుగు పైపుకి కొత్త వాషరు.
గ్యాసు సగమే ఉంది, చాలదు.
అతని బీపీ మాత్రలు, నా మోకాలి పట్టీ
(జలపాతం దాకా నూట అరవై మెట్లు దిగాలి,
ఎక్కేటప్పుడూ అన్నే ఉంటాయని కరపత్రంలో రాయలేదు).
మొక్కజొన్న పిండి. ఇనప మూకుడు.
సొరంగం ఎత్తు కనుక్కోవాలి: దీని కింద రెండు గీతలు.

పార్కుకి ఫోను చేస్తే
టాన్సీ అనే కుర్రది ఎత్తింది, గొంతులో ఇంకా నిద్ర.
"అక్టోబరంతా నిండిపోయిందండీ,
ఆకులు రంగు మారే రోజులు కదా."
కాగితాలు తిరగేసిన చప్పుడు.
"పద్నాలుగు ఒక్కటే ఖాళీ. ముప్ఫై అడుగుల బండి పడుతుంది.
కానీ ముందే చెప్తున్నా, అక్కడ రెండో రాత్రి ఎవరూ ఉండరు.
జలపాతం సరిగ్గా వెనకే.
తెల్లవార్లూ ఒకటే హోరు, పక్కనున్న మనిషి మాట వినపడదు.
ఫిర్యాదు చేసినా ఆపడం మా చేతుల్లో లేదు."

అప్పుడే లోపలికొచ్చాడు, చొక్కా నిండా పుప్పొడి.
ఫోను అరచేత్తో మూసి
అతని మంచి చెవి వైపు వంగి
ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు గట్టిగా చెప్పాను.

హాలిస్ టేపు వదిలేశాడు.
అది సర్రున తన పెట్టెలోకి తనే దూరింది.
కిటికీలోంచి చాలాసేపు చూశాడు,
అక్కడ చేను తప్ప చూడ్డానికేమీ లేదు.
"ఎన్ని రాత్రులు ఇస్తారట?"

నాలుగు తీసుకున్నాం.
జాబితా అడుగున దూది ఉండలు రాశాను,
ఒక జత,
నాకు.
సొరంగం ఎత్తు ఇంకా కనుక్కోలేదు.