జరం రాని నేల

మనకాడ ఎండకు కాంక్రీటులో ఐసు కలుపుతాం.
ఆ మంచుదేశంలో నీళ్లు కాగబెట్టి కలిపినారంట,
మద్దిలేటి చెప్పినాడు.
"ఆడ నేల రాయి కాదన్నా, గడ్డకట్టిన బురద.
అది కరగకుండా సలవ గొట్టాలు దించుతాం.
నేలకు జరమొచ్చిందా, కట్ట పాయె."

ఓర్వకల్లు టీకొట్టు. మే నెల.
ఎవురూ నమ్మలే.
మస్తాన్ అయితే నవ్వి నవ్వి గ్లాసు కింద పెట్టేసె.

మద్దిలేటి
రెండు వేళ్లు లేని ఎడమచెయ్యి
పక్కనున్న బండకు ఆనించినాడు.
కాలుతాంది బండ. తియ్యలే.

"మా ఊరు కృష్ణలో మునిగేపొద్దు
నేలంతా మెత్తగ ఉండె," అన్నాడు శానాసేపటికి.
"పట్టుకోనీకి ఏం దొరకలే.
ఆడ మాత్రం
ఇండ్లు ఇడిసిపోయినోళ్ల అడుగులు
బురదలో గడ్డకట్టి అట్లే ఉండె.
మొదటి గొట్టం
వాటి పక్కనే దించినా."