తెల్ల పలక మీద లెక్క

రదోవ్లిత్సా. అక్టోబరు మంచు.
పొద్దున్నే నాలుగు గొట్టం మాత్రలు, గోరువెచ్చని నీళ్లు.
తేనె కలపను. ఈమధ్య దానికీ
తుప్పు రుచి వచ్చింది, లేక నా నాలుకకే వచ్చిందో.

బూట్లు తొడుక్కుని పెట్టెల దగ్గరికి వెళ్తాను.
మొత్తం పద్నాలుగు, తాతమ్మ బొమ్మలు వేయించినవి:
ఒకదాని మీద వేటగాడి శవాన్ని
ఎలుగుబంట్లు మోసుకుపోతుంటాయి,
ఇంకోదాని మీద దెయ్యం కూర్చుని
ఓ గయ్యాళి నాలుకకి సాన పడుతుంటుంది.

ప్రతి పెట్టె అడుగునా ఒక తెల్ల పలక.
దాని మీద రాలిన పురుగుల్ని బ్లాజ్ లెక్కపెడతాడు,
పక్కింటి కుర్రాడు, పదమూడేళ్లు, కంటికి భూతద్దం.
"ఏడోదాంట్లో నలభై ఆరు, జెర్నేయా అత్తా."
గసగసాలంత ఎర్రటి పురుగులు.
ఈగని చంపకుండా
ఈగ వీపు మీది పురుగుని చంపాలి.
ముప్పై ఏళ్లుగా నా చదువంతా ఆ ఒక్క ముక్కే.

అందుకే లుబ్లియానాలో డాక్టర్ హ్రిబెర్నిక్
కాగితం మీద పెద్దపేగు గీసి
కాలేయం మీద మూడు చుక్కలు పెట్టి
మాటలు వెతుక్కుంటుంటే నేనే అందించాను:
"ఈగ బతకాలి, పురుగు చావాలి. అంతేగా?"
కలం ఆగింది.
"దాదాపు," అంది.
ఆ దాదాపుని బస్సులో
ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

అంతకుముందు కీమో.
పూర్వం తేనె కోసం గంధకం వెలిగించి
గూడు గూడంతా పొగబెట్టేవాళ్లట.
నాకూ అలా ఎనిమిది విడతలు.
వేళ్లు ఎంత మొద్దుబారాయంటే
ఒక వేసవంతా ఈగలు కుట్టినా తెలియలేదు.
జుట్టు పలచబడ్డా ఏడవలేదు గానీ
దానికి ఏడ్చాను.

తర్వాత నాలోంచి తీసిన ముక్కని ల్యాబుకి పంపారు.
పదిహేడు రోజులకి పురుగు పేరు వచ్చింది:
వీ ఆరు వందలు ఈ.
ఏ కొండపల్లెకో పోయే బస్సు నంబరులా ఉంది.
"ఈ మార్పు నూటికి ఎనిమిది, పదిమందిలో ఉంటుంది.
దానికని మందు ఉంది," అంది డాక్టరు.
లాటరీ తగిలిందో, పిడుగు పడిందో
ఆవిడ మొహం చూస్తే తెలియలేదు.

మూడో వారానికి మొహం నిండా మొటిమలు.
అరవై ఒకటో ఏట!
అద్దంలో పదహారేళ్ల పిల్ల,
జుట్టొక్కటే ముగ్గుబుట్ట.
నర్సు వెస్నా సంబరపడింది:
"పొక్కనీ, పొక్కనీ, మందు ఒంటబట్టిందన్నమాట."
ఎండలో తిరగొద్దంది.
ఈగల కోసం కట్టుకునే వలముసుగుకి
ఇన్నాళ్లకి రెండో ఉద్యోగం దొరికింది.
వేలికొసలు చీలితే మైనం,
రాత్రి పిక్కలు పట్టేస్తే తిట్లు,
తెల్లారాక మెగ్నీషియం.

స్కానులో పెద్ద చుక్క
ముప్పై ఎనిమిది నుంచి ఇరవై ఒకటికి దిగింది.
బ్లాజ్ ఆ అంకెలు రెండుసార్లు అడిగి
తన నోటుబుక్కులో పద్నాలుగో పెట్టె కింద
పదిహేను అని వేసి రాసుకున్నాడు.
నేను చూడనట్టు పొగడబ్బా ఊదుకుంటూ నిలబడ్డాను.

తొంభైల్లో పురుగుకి ఒక పట్టీ వచ్చింది.
దేవుడు పంపాడన్నారు.
కొన్నేళ్లకి పురుగు దాన్ని నేర్చేసుకుంది.
కాబట్టి పదకొండో నెలలో
డాక్టరు గొంతు తగ్గించినప్పుడు
కుర్చీ దగ్గరికి జరుపుకున్నది నేనే.
"నేర్చేసుకుందా?"
తలూపింది.
"గ్రాట్స్‌లో ఒక ట్రయల్ ఉంది. మాట ఇవ్వలేను."
మాట ఎవరడిగారు, బస్సు టైము చెప్పమన్నాను.

మా భాషలో గొడ్డుకి ఒక చావుమాట, మనిషికి ఒకటి.
తేనెటీగకి మాత్రం మనిషి మాటే వాడతాం.
గొర్రె చస్తుంది,
ఈగ కన్నుమూస్తుంది.
పురుగుకి ఏ మాటో ఎవరూ చెప్పలేదు.
రాలింది అంటాను నేను.

"పదిహేనోది?"
బ్లాజ్ పెన్సిలు పట్టుకుని అడుగుతున్నాడు.
గీత గియ్యకు, నాన్నా.
గడి ఖాళీగా ఉంచు.
గురువారం వచ్చి చెబుతా.