సుద్ద దవడలు

నాకు మనుషులు అంతగా తెలియదు. దవడలు తెలుసు.
పోర్తోలో, నదికి దిగే మెట్ల వీధిలో
కిటికీ లేని గది నాది.
కింద ఉప్పుచేపల కొట్టు,
పైన ఎవరో మూడేళ్ళుగా నేర్చుకుంటున్న పియానో.
డాక్టర్ కితేరియా పంపే గులాబి రంగు ముద్రల్లో
ప్లాస్టర్ కలిపి పోస్తాను,
బుడగలు పోయేదాకా బల్లకేసి తడతాను,
నలభై నిమిషాల్లో ఒక నోరు గట్టిపడుతుంది.

మా తాత బ్రగాన్సా సంతలో కంచరగాడిదలు బేరం చేసేవాడు.
పై పెదవి ఎత్తి, బొటనవేలితో ఒక్కసారి తడిమి
వయసు చెప్పేవాడు.
అమ్మేవాడు బొంకుతాడు, పన్ను బొంకదనేవాడు.
బెల్మీరో ఫ్రాగా అచ్చు ఆయన చేతిలో పెడితే
అరవై దాటాయనేవాడు.
చీటీ మీద ముప్పై తొమ్మిది.

మొదటి ఏడు కోరపళ్ళ మొనలు మాత్రమే పోయాయి.
ఇల్లు ఖాళీ చేయమని యజమాని ఉత్తరం వచ్చిన ఏడు అది,
గదులు యాత్రికులకి రోజు లెక్కన ఇచ్చుకుంటాడట.
రెండో ఏడు పళ్ళన్నీ ఒకే ఎత్తు,
గోడ కట్టినట్టు.
చీటీ వెనక డాక్టర్ గారి గొలుసు రాత:
రక్తపోటు మాత్రలు మొదలు.
చిగురు మీద పుండు, ఆరు వారాలు, ఇంకా మానలేదు.
మూడో ఏడు నేను చేసిచ్చిన రాత్రి పలక
ఎనిమిది నెలలకే చిల్లుపడి తిరిగొచ్చింది.
వేలు దూరుతుంది అందులోంచి.

పంటి బిగువున భరించాడంటారు.
ఆ పన్ను ఏమైందని ఎవరూ అడగరు.

ఒక్కసారే వచ్చాడు, పలక తనే తీసుకోడానికి.
ట్రామ్ నడిపేవాళ్ళ నీలం కోటు,
చెవుల దగ్గర ముగ్గుపిండి చల్లినట్టు జుట్టు.
"నాకు కోపం రాదండీ," అన్నాడు, క్షమాపణలా.
"పడుకున్నాక ఏం చేస్తానో నాకు తెలీదు.
మా ఆవిడ అంటుంది, ఎవరో నాపరాయి ఈడుస్తున్నట్టుందని."
పలక వెలుతురుకి పట్టి చూశాడు చాలాసేపు.
"బ్రేకు సగం బిగించి బండి నడిపితే ఏమవుతుందో
నాకు తెలుసు కదా.
బండి ఆగదు.
వాసన వస్తుంది, అంతే."

నాలుగో ఏడు కోర్టులో గెలిచారు.
ఆ వీధిలో ఏడు కుటుంబాలు, ఉత్తరం వెనక్కి పోయింది.
ఐదో అచ్చు పోసి, నాలుగోదాని పక్కన పెట్టి,
దీపం వంచి, భూతద్దంతో చూశాను:
అరగడం ఆగింది.
అరిగింది అలాగే ఉంది.
ఎముక అతుకుతుంది, తోలు మళ్ళీ మొలుస్తుంది,
పంటి పైపూతకి మాత్రం రెండో పుట్టుక లేదు.
దవడ కండరం ఇంకా ఉబ్బే ఉందని రాశారు డాక్టర్.
బరువు దించాక కూడా
కంచరగాడిద కొంత దూరం వంగే నడుస్తుందని
తాత అనేవాడు. ఎంత దూరమో చెప్పలేదు.

ఇవాళ పొద్దున ఒక చిన్న ముద్ర వచ్చింది.
నా అరచేతిలో సగం కూడా లేదు.
పాలపళ్ళు కొన్ని, మధ్యలో వచ్చీరాని రెండు పెద్దవి.
పోశాను. తట్టాను. పియానో అదే మెట్టు దగ్గర తప్పింది.
విప్పి చూస్తే
రంపంలా ఉండాల్సిన కొత్తపళ్ళ అంచులు
అప్పుడే నున్నగా ఉన్నాయి.

లియోకాదియా ఫ్రాగా. తొమ్మిదేళ్ళు.
పలక చేయొద్దు, దవడ ఎదుగుతోంది.
అచ్చు దాచి ఉంచు, వచ్చే ఏడు పోల్చాలి.

ఒక పలచటి గోడ అవతల
నాలుగేళ్ళపాటు రాత్రిళ్ళు
ఆ పిల్ల ఏం వింటూ పడుకుందో.

అరలో బెల్మీరో ఐదు నోళ్ళు వరసగా ఉన్నాయి.
పిల్లదాన్ని అక్కడే పెట్టబోయి
ఆగాను.
పై అర తుడిచాను, సుద్ద రేగింది, తుమ్మాను.
ఒక్కదాన్నే అక్కడ పెట్టాను,
పెన్సిల్‌తో తేదీ వేసి,
పక్కన బోలెడు జాగా వదిలి.