సల్మాబాద్, పద్నాలుగో నంబరు గది

జుమ్మా నమాజు అయినంక
ఒక్కొక్కలు వచ్చిండ్రు.
పొద్దుగాల వాట్సప్‌ల నేను పెట్టింది రెండే మాటలు:
"కాయితాలు తెండ్రి. చాయ్ నాది."

మంచాలు గోడకు జరిపినం.
ఇస్త్రీ బల్ల మీద తెల్ల లుంగీ, పైన ట్యూబులైటు,
భూమేశ్ చేతిల ఫోను.
ఇంతే మా కార్ఖానా.
ఇక్కడ ఫోటో తీసి రాత్రికి ఆన్‌లైన్ల ఎక్కిస్తే
రేపు బహ్రెయిన్ల తుడిచినా బాల్కొండల కనబడుతది.
"నీడ పడనియ్యకుండ్రి" అంటున్నడు భూమేశ్.
పదహారో అంతస్తు మీద కడ్డీ కట్టేటోడు
చిన్న చీటీని అంచులు వట్టి
పసిపిల్ల చెవి ముట్టినట్టు ముట్టుతున్నడు.

లింబాద్రి వంటింటి లెక్క పుస్తకం తెచ్చిండు.
ఆ తొమ్మిది రోజులు
సైటుకు పోయిన డబ్బాలు: సున్నా.
పప్పు మాత్రం రెండు పూటలా దించిన గుర్తు.
"పనికి పోలే గని పస్తు పండలే" అన్నడు,
అంతే, చాయ్ దిక్కు తిరిగిండు.

తఫజ్జుల్ తెచ్చింది ఒక అంగి,
జేబు మీద కంపెనీ పేరు బ్లేడుతోని గీకేసింది.
ఫారంల అంగికి గడి లేదు.
"ఇతరములు" అని రాసినం.
ఆయనకు ఆ మాట అర్థం చెప్పలేకపోయిన.

కొల్లం నుంచి కుంజుమోన్ గొంతు పంపిండు,
నలభై నిమిషాలు మలయాళం.
ఇరవై ఏండ్లు మలయాళీలను మోసిన గుల్ జమాన్
హిందీల చెప్పిండు, నేను తెలుగుల రాసిన.
నడుమ ఎంత ఒలికిందో ఎవలకెరుక.
ఒక్క కాడ మాత్రం ఆగిండు:
"బస్సు కదల్లేదంటున్నడు.
ఆ బస్సు నాదే."

పేర్ల కాడ లొల్లి షురువైంది.
"పెట్టు, నా బిడ్డ వెతికితే అయ్య దొరకాలె" అని ఒకడు.
"ఏప్రిల్ల నా వీసా తిరగరాయాలె,
ఎవర్నన్నా రాయి, నన్ను రాయకు" అని ఇంకొకడు.
సగం మందికి పేర్లు రాసినం,
సగం మందికి మంచం నంబర్లు.

"నాయకుడు" గడి అట్లనే ఉన్నది.
ఎవల్నడిగినా పక్కోన్ని చూపిస్తడు.
వేలు గదంత తిరిగి తలుపు కాడికొచ్చింది,
తలుపు కాడ ఎవ్వలు లేరు.
బస్సు ముందల మొదలు కూసున్న ముత్తెన్నను
మూడో నాడు రాత్రే విమానమెక్కించిండ్రు,
చెప్పులు సుత తొడుక్కోనియ్యలే.
ఆయనవి చెప్పులు ఇక్కడ కొన్నొద్దులున్నయి.
తర్వాత ఎవలో తొడిగిండ్రు.

ఇగ నా సంచి.
చీకటి పడేదాక ముడి విప్పలే.
ఎనిమిదేండ్లు బియ్యం బస్తా కింద దాచిన మస్టరు.
అప్పుడు నేను టైంకీపరు కింద రాతగాన్ని,
సార్ల లెక్కల కూలోన్ని, కూలోళ్ళ లెక్కల సారును.
ఆ తొమ్మిది పొద్దులు గేటు కాడ నిలవడి
ఒక్కొక్క పేరు ముందల ఎర్ర పెన్నుతోని
ఆబ్సెంటు పెట్టింది నేనే.
అవి చూసే జీతాలు కోసిండ్రు.
ముత్తెన్నకు మూడే ఎర్ర గుర్తులు,
నాలుగో గడి నుంచి గీత.
ఆ గీత సుత నాదే.
వంకర పోవద్దని స్కేలు పెట్టి కొట్టిన.

ఎవ్వలేమన్లే.
ఫ్రిజ్ ఆగి, గురగురమని మళ్ళ మొదలైంది.
భూమేశ్ పుస్తకం అందుకున్నడు,
లుంగీ మీద పరిచి మోచేతులు జరిపిండు.
తఫజ్జుల్ వేలు పెట్టి లెక్కవెట్టిండు,
ఒక్క పేజీల ముప్పై ఆరు పేర్లు,
ముప్పై ఆరు ఎర్ర గుర్తులు.
"అరే, సబ్ లోగ్ హై ఇధర్!"
దొరికిన సంబురంల అన్నడు.
నేను తల ఎత్తలే.

లింబాద్రి గ్లాసు నా ముందల పెట్టి అడిగిండు:
"ఇది ఎవలిచ్చిండ్రని రాయాలె?"
చెప్పిన, ఇంటిపేరుతోని.
టైపు చేస్తుంటే ఒక ఒత్తు తప్పువోయింది,
దిద్దుమన్న.