తొక్కు, పట్టుకో, వదులు

కారు కొన్న మూడో రోజునే
క్లచ్ పెడల్ నేలకి అతుక్కుపోయింది,
బ్లైనై ఊరి పైన, చివరి మలుపులో.
వెనక గొర్రెల ట్రక్కువాడు హారన్ ఆపడు.
బూటు కొనతో దాన్ని పైకి లాక్కున్నాను,
బావిలో పడ్డ చెంబుని గాలంతో లాగినట్టు.

అమ్మినాయన చెప్పనే చెప్పాడు:
"చలికి కాస్త మొరాయిస్తుంది, అంతే.
నలభై ఏళ్లుగా నా దగ్గరే ఉంది,
దీని కడుపులో ఎవరూ చెయ్యి పెట్టలేదు."
ఎర్ర ట్రయంఫ్. నా కన్నా రెండేళ్లు పెద్దది,
నడుము మాత్రం నాకన్నా నాజూకు.

నేను పియానోలు శ్రుతి చేస్తాను.
చాపెళ్లలో, బళ్లలో, పబ్బుల వెనక గదుల్లో
వేల్స్ తడికి ఉబ్బిన చెక్కలతో ముప్పయ్యేళ్ల కాపురం.
పెడల్ సంగతి నాకు తెలుసనుకున్నాను.
అక్కడ, తొక్కితే సాగాలి, వదిలితే ఆగాలి.
ఇక్కడ, తొక్కితే ఆగాలి, వదిలితే సాగాలి.
నా ఎడమకాలికి ఈ వయసులో
కొత్త వ్యాకరణం.

మెరెరిద్ గ్యారేజీ స్లేటు గుట్టల నీడలో ఉంటుంది.
వాళ్ల నాన్న రాయి చీల్చేవాడు, తను బోల్టులు విప్పుతుంది.
పెడల్ మీద కాలు పెట్టి కళ్లు మూసుకుని
"గాలి," అంది.

పైన మాస్టర్ సిలిండర్‌కి రబ్బర్లు మార్చాం,
కింద స్లేవ్ సిలిండర్ కొత్తది బిగించాం.
కారిన నూనె కార్పెట్ కింద రంగంతా తినేసింది,
ఇనుము చర్మం ఒలిచినట్టుంది.
తను కారు కింద, నేను సీట్లో.
తొక్కు.
తొక్కాను.
పట్టుకో.
గాజు సీసాలో బుడగలు.
వదులు.
తొక్కు. పట్టుకో. వదులు.
తొక్కు. పట్టు. వదులు.
ఆ రాత్రి నిద్రలోనూ తొక్కానట,
గ్వెన్నో దిండు తీసుకుని పక్క గదిలోకి పోయింది.

పెడల్ గట్టిపడింది. గేరు పడలేదు.
కరకరమని పళ్లు కొరికింది కారు,
మంద్రంలో, శ్రుతికి కాస్త కిందుగా.
ఆ మాట పైకి అంటే
మెరెరిద్ స్పానర్ దించి నావైపు చూసింది.

"ఇంకోటి ఉంది," అన్నాను.
"సగం దూరంలో ఒకసారి టిక్కుమంటుంది.
వదులైన పిన్ను చప్పుడు అది."
తన చెవికి అందలేదు,
నలభై ఏళ్ల సుత్తులు ఆ స్థాయిని మింగేశాయి.
కాలు పెట్టింది మళ్లీ. ఆగింది. మళ్లీ.
తన కాలూ నా చెవీ కలిస్తే
పనికొచ్చే మనిషి ఒకడు తయారయ్యాడు.

సీట్లు తీశాం. మధ్య మూత తీశాం.
గేర్‌బాక్స్‌ని తలుపులోంచి ఇద్దరం మోసుకొచ్చాం,
దారి పొడుగునా తను వెల్ష్‌లో తిట్టింది, అదీ రాగయుక్తంగా.
ఫోర్కుని ఇరుసుకి పట్టి ఉంచాల్సిన టేపర్ పిన్ను లేదు.
దాని చోట గుర్రపు నాడా మేకు.
అరిగి, వంగి, ఇంకా పట్టుకునే ఉంది.

కొండను తవ్వి ఎలుకను పట్టాం.
నిజంగానే కొండల్ని తవ్వి బతికిన ఊరు ఇది,
ఎలుక మాత్రం మాకే దొరికింది.

అమ్మినాయన్ని నాలుగు దులుపుదామని ఫోన్ తీశాను.
మెరెరిద్ మేకుని వెలుగులో తిప్పుతూ అంది:
"దీని తుప్పు నలభై ఏళ్లకన్నా పాతది."
అంటే ఆయన అబద్ధమాడలేదు.
ఆయనకన్నా ముందు ఎవరో, ఏ కొట్టంలోనో,
అంతా విప్పేసి, పిన్ను విరిగిందని చూసి,
ఆదివారం, కొట్లన్నీ మూసి ఉంటే
పక్కనున్న గుర్రం వైపు చూసి ఉంటాడు.
సోమవారం దాకా చాలనుకుని ఉంటాడు.

కొత్త పిన్ను ఖరీదు ఒక కప్పు టీ.
జారకుండా కట్టడానికి పియానో తీగ ఇస్తానన్నాను.
"అది విరుగుతుందేగాని వంగదు," అంది, "ఇక్కడ మెత్తటిది కావాలి."
అప్పటికీ నమ్మకం చాలక
పక్కనే ఇంకో రంధ్రం తొలిచి అడ్డంగా బోల్టు వేసింది.

శనివారం అదే మలుపు, అదే వాన.
తొక్కాను. మొదటి గేరు
చప్పుడు లేకుండా పడింది.
చప్పుడు కోసం ఇంకాసేపు చూశాను,
అలవాటు.

మేకు నా పనిముట్ల సంచిలో ఉంది.
వైపర్లు సగంలో ఆగుతున్నాయి.
రివర్స్ ఇంకా ఏడుస్తుంది,
అది వచ్చే నెల సంగతి,
ఈలోగా వెనక్కి వెళ్లే పని పెట్టుకోను.