చెవితో నడిపినవాడు

గరివిడి దాటాక, మాంగనీసు చిట్టెం పోసి
చదును చేసిన మైదానం.
డిసెంబరు పొద్దుట, మంచు ఇంకా లేవలేదు.
ట్రాక్ చుట్టూ పాత టైర్లకు సున్నం కొట్టారు.
మైకులో ఎవరో నా పేరు తప్పు చదివారు,
అప్పలసూరి అనడానికి అప్పలస్వామి అన్నారు.
సరిదిద్దబోయి ఊరుకున్నాను.
ఇరవై ఆరేళ్ళ క్రితం
ఈ పేరు మైకుకి కంఠతా వచ్చు.

అప్పట్లో పెట్రోల్లో ఆముదం కలిపేవాళ్ళం.
కాలిన ఆముదం వాసన
చొక్కాకి, జుట్టుకి, అన్నం ముద్దకి కూడా అంటేది.
"దీపం కొండెక్కిన గుడిలా వాసనొస్తావు" అనేది
పెళ్ళయిన కొత్తలో సింహాచలం.
చెట్టు లేని చోట ఆముదం చెట్టే కదా మహావృక్షం,
ఈ జిల్లాకి ఆ చెట్టుని నేనే.
చీపురుపల్లి నుంచి పార్వతీపురం దాకా
నా దుమ్ము తిననివాడు లేడు.

అప్పుడు గేరు వేసేది కాలు కాదు, చెవి.
ఇంజను గొంతు సన్నబడి, సన్నబడి,
తెగబోయే దారంలా అయ్యే క్షణం ఒకటుండేది.
అక్కడ. సరిగ్గా అక్కడ.

తరవాత కాలర్ ఎముక, తరవాత అప్పు,
తరవాత ఫ్యాక్టరీ కాటా దగ్గర
పంతొమ్మిదేళ్ళుగా లారీల బరువు రాయడం.
నిండు లారీ ఎంత, ఖాళీ లారీ ఎంత,
తేడా ఎంతో అదే సరుకు.
ఇప్పుడు నన్నే కాటా ఎక్కిస్తే
ఏది సరుకో, ఏది వట్టి బరువో
చెప్పలేను.

ఈ కొత్త బండికి ఆముదం అక్కర్లేదు.
కార్బురేటర్ లేదు, తిప్పి చూడ్డానికి స్క్రూ లేదు.
నెల్లిమర్ల నుంచి వచ్చిన హర్షిణి
ఒడిలో లాప్‌టాప్ పెట్టుకుని
దాని కడుపులోకి వైరు గుచ్చి నాడి చూస్తుంది.
గేరు మార్చాల్సిన చోట
మీటరు మీద ఎర్ర లైటు వెలుగుతుంది.
లైటు చూస్తే మలుపు పోతుంది,
మలుపు చూస్తే లైటు పోతుంది.
దగ్గరివి కనబడాలంటే నాకు అద్దాలుండాలి,
హెల్మెట్ లోపల నా ఊపిరికే అవి మసకబారతాయి.

అసలు ఇబ్బంది అది కాదు.
పాత బండి, ఆక్సిలేటర్ వదిలినా
వాలులో దొర్లే చక్రంలా పోతూనే ఉండేది.
ఆపే పని నాది.
ఇది, చెయ్యి వదలగానే
వెనకనుంచి చొక్కా పట్టుకు లాగుతుంది.
అయినా నా కాలు పోయి బ్రేకు తొక్కుతుంది.
ప్రాక్టీసు రోజునే మూడో మలుపులో రెండుసార్లు పడ్డాను.
"మావయ్యా, బండి దానంతటదే తగ్గుతాది.
నువ్వేటి, దాని పని కూడా నువ్వే సేసేస్తన్నావు?"
నేను కాటాలో చేరిన ఏడు పుట్టిన గుంట.

రాత్రి మంచం మీద, పాదానికి
కదలకుండా ఉండడం నేర్పాను.
నిద్రలో మళ్ళీ తొక్కానట.
సింహాచలం దుప్పటి లాక్కుని
"ఒగ్గీ" అంది.
రేసు ఒగ్గీమందో, బ్రేకు ఒగ్గీమందో
అడగలేదు.

జెండా ఊగింది. పద్నాలుగు మందిమి.
మొదటి మలుపుకే పదమూడు మంది దుమ్ము
నా నోట్లో. నల్లగా, ఇనుప రుచితో.
ఇదా, ఇన్నాళ్ళు నేను వడ్డించింది?

నాలుగో రౌండులో అద్దాలు పూర్తిగా మసకబారాయి.
లైటు లేదు. మలుపు కూడా సగమే ఉంది.
అప్పుడు వినిపించింది,
బొంగురుది, నాకు నచ్చనిది,
అయినా గొంతే.
పాతదానిలా సన్నబడదు,
ఛాతీలో బరువెక్కి ఒక్కచోట ఊపిరి బిగబడుతుంది.
అక్కడా? ముందే వేశాను.
మరోసారి ఆలస్యంగా వేశాను.
మూడో మలుపులో కాలు లేచింది,
తలుపు తట్టబోయి ఆగిన చెయ్యిలా
గాల్లోనే నిలబడింది.
బండి దానంతటదే తగ్గింది.
తరవాతి రౌండులో మళ్ళీ తొక్కేశాను,
అది వేరే సంగతి.

పదకొండోవాణ్ణి.
ఒకడి చైను తెగింది, ఒకడు పడ్డాడు.
నేను దాటింది ఒక్కణ్ణే,
రాజాం కుర్రాడు, వాడికి జ్వరమట.

హర్షిణి తెర మీద గీతలు చూపించింది,
నేను తొక్కిన చోటల్లా గుట్టలూ గోతులూ.
"ఇక్కడ సూడు, ఈ ఒక్కటీ నున్నగుంది."
అద్దాలు తుడుచుకుని చూశాను.
గోరంత గీత.

ఇంటికొచ్చాక సింహాచలం
చొక్కా ఉతకబోతూ ముక్కు దగ్గర పెట్టుకుంది.
"ఏ వాసనా రాదేటి?" అంది,
కొంచెం బెంగగా.