పద్నాలుగో ప్రశ్న

ఉమియో మునిసిపాలిటీ కొనుగోళ్ళ విభాగంలో
ఇరవై రెండేళ్ళుగా నా పని ఒకటే:
తక్కువ ధర చెప్పినవాడి మాటని
రెండోసారి చదవడం.

టౌనుహాలు ముందు పరిచిన గ్రానైటు రాయికి
పత్రం ఉంది నా బీరువాలో.
ఏ క్వారీ, ఎంత కూలి,
పసిచేతులు పడలేదని కింద సంతకం.
ఆసుపత్రి గ్లౌజులకీ ఉంది.
బడిపిల్లల అరటిపండుకీ ఉంది.

ఈసారి కొనేది కన్ను.
వృద్ధుల హోములో గదికొకటి,
ఎవరైనా పడిపోతే నర్సుని లేపే కన్ను.
తనంతట తానే నేర్చుకుందండీ అన్నాడు
కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు.
కాఫీ చల్లారేదాకా అతని వంకే చూశాను.
పడటమంటే ఏమిటో
పడినవాళ్ళని చూడకుండా ఎలా తెలుస్తుంది?

ఫారంలో పదమూడే ప్రశ్నలు.
అడుగున ఖాళీలో పెన్నుతో రాశాను:
దీనికి చూపు నేర్పిందెవరు?
గంటకెంత? సెలవుందా?
ఇక చూడలేనని లేచిపోతే ఆ రోజు జీతం ఇస్తారా?

"భాగస్వామ్య సంస్థలు" అని జవాబొచ్చింది.
తిప్పి పంపాను.
"అంతర్జాతీయ ప్రమాణాల మేరకు" అని వచ్చింది.
తిప్పి పంపాను.
మా పై అధికారి స్టూరె తలుపు దగ్గరే నిలబడి
చూసీ చూడనట్టు పోనిద్దూ, అన్నాడు,
బొమ్మలేగా అవి.

రెండు నెలలు ఆగింది ఫైలు.
ఆ రెండో నెలలో, మంచు విడవకుండా కురిసిన రాత్రి,
తొమ్మిదో గదిలో ఆల్గొట్ గారు
మంచానికీ కిటికీకీ మధ్య పడి
తెల్లారేదాకా అక్కడే ఉన్నారు.
తుంటి ఎముక.
వాళ్ళమ్మాయి నాకే ఫోను చేసింది.
నేను చెప్పింది ఆమెకు సమాధానం కాదు.
ఇప్పటికీ, నాకూ కాదు.

మార్చిలో వచ్చింది ఒక కాగితం.
మడగాస్కర్, అంటనానారివో.
మేడమీది గది, ఇరవై ఆరు కుర్చీలు,
బొమ్మకింతని కూలి, గీత తప్పితే కోత.
రాత్రంతా కళ్ళలో వత్తులేసుకుని
పడుతున్నవాళ్ళ చుట్టూ ఎర్రగీత గీస్తారు.
మెట్లమీద, స్నానాలగదిలో, పొయ్యి దగ్గర.
షిఫ్టుకి నాలుగొందలమంది పడతారు.
గీత కలవగానే బొమ్మ మారిపోతుంది.

చివర్న, వుహాంగి అనే ఆమె మాట,
ఫ్రెంచిలోంచి స్వీడిష్‌లోకి ఎవరో మార్చింది:
జీతం సంగతి మిగతావాళ్ళు చెప్తారు.
నాకొక్కటి తెలియాలి.
నీలం స్వెటరు పెద్దామె,
వంటింట్లో, కుడిచెయ్యి ముందుకి చాచి,
మూడు రాత్రులు వరసగా నాకే వచ్చింది.
లేచిందా?

ఒప్పందంలో కూలి రేటు రాయించాను.
కోతలు కొట్టించాను.
తనిఖీకి మనిషిని వేయించాను.
ధర పదకొండు శాతం పెరిగింది,
స్టూరె గొణుక్కుంటూనే సంతకం పెట్టాడు.

ఆమె ప్రశ్నకి మాత్రం
మా ఫారాల్లో గడి లేదు.
ఎవరికి తిప్పి పంపాలో తెలియక
బీరువాలో పెట్టాను,
రాయి పత్రం పక్కన.